వంద కిలోమీటర్ల దూరంల పైకాన్, మన పిల్లలకు తెలిసేదెట్ల?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ జిల్లా పేజీలల్ల జాబ్ మేళాలు, కోచింగ్ నోటిఫికేషన్లు, స్పాట్ అడ్మిషన్ల వార్తలు రోజూ వస్తయి, మా కాలేజీ పిల్లలు ఆ కటింగులు పట్టుకొనే నా దగ్గరికి వస్తరు, అప్లై చేయాల్నా మేడం వద్దా అని అడుగుతరు. కానీ ఒక సంగతి మాత్రం ఎన్నడూ ఆ పేజీలల్ల కనపడలే, పైథాన్ అనే కంప్యూటర్ భాష వాడేటోళ్ళు కూడే పైకాన్ అనే సభ, దాని గురించే ఈ ఉత్తరం. జర పొడుగైతది, జాగ లేకపోతే నడుమ ఎక్కడన్న తీసేయండి, చివర్ల అడిగినవి మాత్రం ఉంచుండ్రి.

నేను మహబూబ్‌నగర్‌ల ఒక డిగ్రీ కాలేజీల కంప్యూటర్ సైన్స్ చెప్త. మా అత్తగారిది నల్లగొండ, అందుకని రెండు దిక్కుల పిల్లల సంగతీ నాకు తెలుసు. ఇప్పుడు ఏ కంప్యూటర్ గ్రూప్ తీసుకున్నా సిలబస్‌ల పైథాన్ ఉన్నది, ల్యాబ్‌ల పైథాన్, ప్రాజెక్ట్‌ల పైథాన్, అమీర్‌పేట కోచింగ్ బోర్డుల మీద పైథాన్. కానీ ఆ పైథాన్ వాడేటోళ్ళంతా ఏడాదికొకసారి ఒక దగ్గర కూడి రెండు మూడు రోజులు గడుపుతరని, దాన్ని పైకాన్ ఇండియా అంటరని, మా క్లాసుల ఎవ్వర్ని అడిగినా తెలవదు. అది 2009ల బెంగళూరుల మొదలైంది, తర్వాత పుణె, ఢిల్లీ, చెన్నై తిరిగింది, కరోనా టైంల 2020, 2021 రెండేండ్లు ఆన్‌లైన్‌ల నడిచింది, హైదరాబాద్‌కైతే 2018ల ఒకసారి, మళ్ళ 2023ల ఒకసారి వచ్చింది. ఇదిగాక హైదరాబాద్ వాళ్ళది సొంతంగ పైకాన్ఫ్ హైదరాబాద్ అని ఇంకొకటి 2017ల మొదలైంది, హైద్‌పై అనే గ్రూప్ నడిపిస్తది. నల్లగొండ నుంచి హైదరాబాద్ దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, పాలమూరు నుంచి కూడ అంతే. పొద్దుగాల మొదటి బస్సు ఎక్కితే మొదటి స్పీచ్‌కు అందుకోవచ్చు. అంత దగ్గరికి వచ్చి పోయిన సభ గురించి మన దిక్కు పిల్లలకు సమాచారమే లేదు, నా బాధంత గదే.

ముందుగాల ఒక అపోహ తీసేయాలె. పిల్లల తల్లిదండ్రులకు చెప్తే, ఇది ఏదో కంపెనీ సర్టిఫికెట్ అమ్ముకునే ప్రోగ్రాం కావొచ్చు, ఎంత కట్టాలె, జాబ్ గ్యారంటీ ఇస్తరా అని అడుగుతరు. తప్పు వాళ్ళది కాదు, మన దగ్గర కంప్యూటర్ పేరు మీద జరిగేవన్నీ అట్లనే జరుగుతయి. పైకాన్ గట్లది కాదు. పైథాన్ సాఫ్ట్‌వేర్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే సొసైటీ ఉన్నది, కానీ పని మొత్తం వాలంటీర్లదే, పొద్దంత ఆఫీస్ చేసుకొని రాత్రిపూట కూసొని సభ పనులు చేసేటోళ్ళు, అండ్ల ఇంజనీర్లుంటరు, టీచర్లుంటరు, స్టూడెంట్లు కూడ ఉంటరు. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర బ్యాడ్జి ఇచ్చే పిల్లగాడు ఏ ఊరి కాలేజీ నుంచి వచ్చిండని ఎవ్వరూ అడగరు. అమెరికాల జరిగే పైకాన్ ఇంకా పాతది, 2003ల వాషింగ్టన్‌ల మొదలైంది, అక్కడ ఒక పద్ధతి పెట్టుకున్నరు, మాట్లాడేటోళ్ళైనా నడిపించేటోళ్ళైనా టికెట్ కొనాలె అని. ఎందుకంటే పైసలు లేనోళ్ళకు, దూరం నుంచి రాలేనోళ్ళకు చార్జీలకు, రూంకు సాయం చేయాలంటే ఎవరన్న కట్టాలె గదా, ఉన్నోళ్ళు కడితే లేనోళ్ళు వస్తరు. మన పైకాన్ ఇండియాల కూడ స్టూడెంట్లకు, టికెట్ కొనలేనోళ్ళకు సాయం అడిగే ఏర్పాటు ఉంటది. ఈ సంగతి మన పిల్లల్ల ఎందరికి తెలుసు చెప్పుండ్రి.

నేను 2023ల హైదరాబాద్‌ల చూసిన. స్టేజీ మీద స్పీచులు బాగనే ఉంటయి, అవి తర్వాత వీడియోల కూడ దొరుకుతయి, కానీ అసలు సంగతి బయట వరండాల నడుస్తది. మా దిక్కు కురుమూర్తి జాతరకు పోయినోళ్ళు దర్శనం అయినంక చుట్టాలను కలుస్తరు, సంబంధాలు మాట్లాడుకుంటరు, ఎడ్ల బేరం చేస్తరు, అవన్నీ కలిస్తేనే జాతర, ఇది కూడ గట్లనే ఉంటది. చాయ్ గ్లాసు పట్టుకొని నలుగురు నిలబడ్డ దగ్గర ఎవరో ఒక లైబ్రరీ, అంటే అందరు వాడుకునే తయారు కోడ్, రాసినాయన ఉంటడు, మనం రోజూ ల్యాబ్‌ల వాడే కోడ్‌ల ఒక ముక్క ఆయనే రాసి ఉంటడు, పక్కన రెండో సంవత్సరం పిల్ల నిలబడి మీరు ఇది ఇట్ల ఎందుకు రాసిండ్రు అని అడుగుతది, ఆయన చెప్తడు. ఇసొంటి సభలల్ల ఒక అలవాటు ఉన్నది, పాక్‌మాన్ రూల్ అంటరు, ఆ వీడియో గేమ్ బొమ్మ తెరిచిన నోరు లెక్క, ఎరిక్ హోల్షర్ అనే ఆయన ఈ మాట రాసిండు. గుంపుగ నిలబడి మాట్లాడుకునేటప్పుడు పూర్తి గుండ్రంగ మూసుకోవద్దు, ఇంకొక మనిషి వచ్చి నిలబడేంత సందు విడిచిపెట్టాలె, ఆ మనిషి వచ్చినంక మళ్ళ జరిగి ఇంకో సందు చేయాలె. వినడానికి చిన్న ముచ్చటే, కానీ మా పిల్లలసొంటోళ్ళకు, ఇంగ్లీష్‌ల మాట్లాడాలంటే గొంతు పట్టేసేటోళ్ళకు, ఆ సందు కనపడుడు ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు.

ఇంకోటి లైట్నింగ్ టాక్స్. పెద్ద స్పీచ్ ఇయ్యాలంటే నెలల ముందే ప్రపోజల్ పంపాలె, దాన్ని రివ్యూ చేసేటోళ్ళుంటరు, కామెంట్లు రాస్తరు, మార్చి పంపమంటరు, అది కూడ ఒక చదువే. లైట్నింగ్ టాక్‌కు గదంత అక్కర లేదు, అప్పటికప్పుడు పేరు ఇచ్చి స్టేజీ ఎక్కొచ్చు, ఐదు నిమిషాలు, అయిపోంగనే చప్పట్లు కొడుతరు, దిగాలె, ఇంకొకరు ఎక్కుతరు. ఐదు నిమిషాలల్ల మన పల్లె పిల్లలు ఏం చెప్తరు అంటరా, చెప్త వినుండ్రి.

ల్యాబ్‌ల అందరం చేయించే ప్రోగ్రాం ఒకటున్నది, పాలిండ్రోం. పదాన్ని తిరగేసి మొదటిదానితో పోల్చాలె, రెండూ ఒకటైతే పాలిండ్రోం, లేకపోతే కాదు. రికార్డుల మేడం అని, లెవెల్ అని ఇంగ్లీష్ పదాలే రాస్తరు. మా క్లాసుల ఒక పిల్ల, ఊర్ల తెలుగు మీడియం సర్కారు బడిల చదివి వచ్చిన పిల్ల, వికటకవి అని తెలుగుల టైప్ చేసి చూసింది. తెనాలి రామకృష్ణుని ముచ్చట చిన్నప్పటి నుంచి విన్నం గదా, ఎటు నుంచి చదివినా వికటకవే. ప్రోగ్రాం మాత్రం కాదు అని చూపెట్టింది. కోడ్ తప్పా మేడం అని వచ్చింది. కోడ్ తప్పు కాదు. మనకు వి అనేది ఒక్క అక్షరం, యూనికోడ్‌ల, అంటే అన్ని భాషల అక్షరాలకు కంప్యూటర్ల నంబర్లిచ్చే పద్ధతిల, అది రెండు, వ ఒకటి, గుడి ఒకటి. పదాన్ని తిరగేస్తే ఆఖరు గుడి అన్నిటికంటే ముందటికి వచ్చి వ దాని ఎనుక పడుతది, ఇగ రెండూ ఎట్ల ఒకటైతయి. నల్లగొండ అని రాసి పొడవు ఎంతని అడిగితే 8 అంటది, పాలమూరు అని రాస్తే 7 అంటది, మనం చదివితే రెండిట్ల నాలుగు నాలుగు అక్షరాలే. పైథాన్ మొదటిసారి బయటికొచ్చింది 1991ల, యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది కూడ 1991లనే, 2008ల వచ్చిన పైథాన్ 3ల టెక్స్ట్ అంటేనే యూనికోడ్, కోడ్‌ల మనం పెట్టుకునే వేరియబుల్ పేర్లు కూడ తెలుగుల పెట్టుకోవచ్చు, అయినా అక్షరం అంటే ఏంది అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది. ల్ల సొంటి ఒత్తక్షరాలను విడగొట్టకుండ ఒక్కటిగ లెక్కపెట్టాలనే రూల్ యూనికోడ్‌ల 2023లనే, 15.1 వెర్షన్‌ల వచ్చింది. అంటే మా పిల్ల అడిగింది ప్రపంచంల పెద్ద పెద్దోళ్ళు ఇంకా సరిచేసుకుంటున్న సంగతి. ఆ అమ్మాయి స్టేజీ ఎక్కి రెండు స్లైడులు వేసి ఇదే చెప్తే చాలు, ఐదు నిమిషాలు నిండుతయి, కింద కూసున్నోళ్ళల్ల తమిళ్ వాళ్ళు, కన్నడ వాళ్ళు మా దగ్గర కూడ ఇంతే అని లేసి వచ్చి మాట్లాడుతరు. కమ్యూనిటీ అంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

ఆ పిల్ల పోలేదు. హైదరాబాద్‌ల ఇసొంటి సభనే ఉన్నదని చెప్పిన, పోత మేడం అన్నది, ఇంట్ల ఒప్పించుకున్నది కూడ. కానీ ఆ వారంలనే ఇంటర్నల్ ఎగ్జాం, కాలేజీల పర్మిషన్ అడిగితే అట్ల కుదరదు, అటెండెన్స్ పోతది, ఇంటర్నల్ మళ్ళ పెట్టం అన్నరు. కాలేజీ పేరు రాయను, ఎందుకంటే ఏ కాలేజీల అడిగినా అదే జవాబు వస్తది. ఎన్‌సీసీ క్యాంపుకు పోతే ఆన్ డ్యూటీ ఇస్తరు, ఎన్‌ఎస్‌ఎస్ స్పెషల్ క్యాంపుకు ఇస్తరు, యూనివర్సిటీ తరఫున కబడ్డీ ఆడబోతే ఇస్తరు, ఇవ్వాలె కూడ, నేను కాదంటలేను. మరి తన సబ్జెక్ట్‌లనే దేశంల జరిగే పెద్ద సభకు పోతే ఎందుకు ఇయ్యరు. పైకాన్ ఇండియా మామూలుగ సెప్టెంబర్, అక్టోబర్ ఆ నడుమలనే పడుతది, మన దగ్గర అప్పుడే ఇంటర్నల్స్, బతుకమ్మ సెలవులకు ముందు సిలబస్ ఉరుకులు, ప్రతి ఏడాది ఇదే గొడవ అయితది. పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండల మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఒక్క సర్క్యులర్ ఇస్తే అయిపోయే పని, ఇండ్ల రూపాయి ఖర్చు లేదు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలె. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్ళకు టికెట్ లేదు, అంటే దేవరకొండ నుంచి గాని అచ్చంపేట నుంచి గాని హైదరాబాద్ దాక చార్జీ బాధ తీరింది. ఎల్‌బీ నగర్‌ల దిగితే మెట్రో, అమీర్‌పేటల మారితే రాయదుర్గం దాక పోవచ్చు. మరి ఎందుకు పోతలేరంటే ఇంట్ల అడిగే ప్రశ్న ఒకటే, అక్కడ మా బిడ్డను ఎవరు చూసుకుంటరు. ఈ సభలకు కోడ్ ఆఫ్ కండక్ట్ అని రాసి పెట్టిన నియమాలు ఉంటయి, ఎవరన్న ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలె, చెప్తే ఏం చేస్తరు అనేది ముందే ప్రకటిస్తరు. పైలేడీస్ అని ఆడవాళ్ళ గ్రూప్ 2011ల లాస్ ఏంజెల్స్‌ల మొదలై దేశదేశాలకు పాకింది. ఈ మాటలు ఒక అమ్మకో నాయనకో తెలుగుల కూసోబెట్టి చెప్పేటోళ్ళు కావాలె, నేను కొందరికి చెప్పిన, విన్నోళ్ళు ఒప్పుకున్నరు. ఒక నాయన అయితే హమాలీ పని చేస్తడు, మొత్తం విని, ఆ నియమాలు రాసిన కాయిదం తెలుగుల ఉంటే ఇయ్యి మేడం, మా ఇంట్ల చదివిపిస్త అన్నడు. ఆ కాయిదం తెలుగుల చేసుడు మాసొంటోళ్ళ పని, చేస్తున్న.

చిన్న ఊరోళ్ళకు ఇవన్నీ ఎక్కడ అనేటోళ్ళకు ఒక పేరు చెప్త. కెన్నెత్ గొన్సాల్వెస్ అని ఒక పెద్దమనిషి ఉండేటోడు, నీలగిరి కొండలల్ల ఉండేది, బెంగళూరుల కాదు ముంబైల కాదు. మన దేశంల పైథాన్ సొసైటీకి అధ్యక్షుడిగ చేసిండు, కాలేజీలు తిరిగి పిల్లలకు ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా చూసి మార్చుకోగలిగే కోడ్, గురించి చెప్పిండు. 2012ల పోయిండు. ఆయన పేరు మీదనే పైకాన్ ఇండియాల కెన్నెత్ గొన్సాల్వెస్ అవార్డ్ ఇస్తరు, మంచి ప్రోగ్రామర్ అని కాదు, కమ్యూనిటీ కోసం పని చేసినోళ్ళకు. కొండ మీద ఊర్ల ఉండి ఆయన దేశమంత కలిపిండంటే నల్లగొండ గడియారం దగ్గర నుంచో, మెట్టుగడ్డ నుంచో మనం ఎందుకు కలవలేం.

ఇగ అసలు అడగాల్సింది. ఏడాదికొక సభ పైకి కనపడేది, దాని కింద ఏడాదంత నడిచే నెలనెలా కలయికలు ఉంటయి, అవి లేకుంటే సభ లేదు. బెంగళూరుల బ్యాంగ్‌పైపర్స్, చెన్నైల చెన్నైపై, హైదరాబాద్‌ల హైద్‌పై, వీళ్ళంతా ఏదో ఒక శనివారమో ఆదివారమో ఎవరో ఒకరు ఇచ్చిన హాలుల కలుస్తరు, ఇద్దరు మాట్లాడుతరు, మిగిలినోళ్ళు వింటరు, అడుగుతరు, చాయ్ తాగి పోతరు. పైకాన్‌ల మాట్లాడేటోళ్ళు, వాలంటీర్లు ఆ హాళ్ళల్లనే తయారైతరు, కొత్తోళ్ళకు భయం పోయేది కూడ అక్కడనే. మన రెండు జిల్లాలల్ల గసొంటిది నాకు తెలిసి ఒక్కటి లేదు. జాగ లేక కాదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిల ఐటీ టవర్ 2023ల తెరిచిండ్రు, నల్లగొండల ఐటీ హబ్ కూడ ఆ ఏడాదే తెరిచిండ్రు. నెలకు ఒక్క శనివారం, సాయంత్రం రెండు మూడు గంటలు, ఒక ప్రొజెక్టర్, నెట్, కుర్చీలు. మైకు కూడ వద్దు. ముఖ్య అతిథి వద్దు, శాలువలు వద్దు, ఫ్లెక్సీ వద్దు, అవి పెట్టినమంటే పిల్లలు ఎనక బెంచీలకు పోయి కూసుంటరు, మళ్ళ మాట్లాడరు. ఎవరు ఏ కాలేజీ అయినా రావొచ్చు, పాలిటెక్నిక్ అయినా, ఇంటర్ అయినా, చదువు ఆపేసి మీసేవల కూసున్న పిల్లగాడైనా రావొచ్చు. తెలుగులనే మాట్లాడుకుంటం. ఐటీ శాఖ, కలెక్టర్ గారు దీనికి ఒక్క ఉత్తర్వు ఇస్తే మేము లెక్చరర్లం, హైదరాబాద్‌ల పనిచేస్తూ శనివారం ఊరికొచ్చే మన పిల్లలు కలిసి నడుపుకుంటం. నారాయణపేట, వనపర్తి, సూర్యాపేట వాళ్ళకు కూడ ఇదే వర్తిస్తది, నేను తెలిసినంత వరకే రాసిన.

సభ చివర్ల డెవ్‌స్ప్రింట్స్ అని పెడతరు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ నడిపేటోళ్ళ పక్కన కూసొని వాళ్ళ కోడ్‌ల నిజమైన తప్పు ఒకటి సరిచేయాలె, లేకపోతే డాక్యుమెంటేషన్‌ల, అంటే దాన్ని ఎట్ల వాడాల్నో చెప్పే రాతల, ఒక పేరా బాగుచేయాలె. కొత్తోళ్ళకు అదే మంచి మొదలు. పైథాన్ డాక్యుమెంటేషన్‌ను వేరే భాషలల్లకు తెచ్చే పద్ధతి 2017ల అధికారికంగ పెట్టిండ్రు, ఫ్రెంచ్, జపనీస్, కొరియన్ భాషలల్ల చదువుకోవచ్చు. ఆ వరుసల తెలుగు కూసోవాలంటే చేయగలిగేది ఎవరు, తెలుగు మీడియంల చదివి కోడ్ నేర్చుకున్న మన పిల్లలే. స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగుల ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం మస్తు ఏండ్ల నుంచి పని చేస్తున్నరు, కాలేజీలల్ల గ్రూపులు పెట్టిస్తరు, దారి చూపెట్టేటోళ్ళు లేరని అనడానికి లేదు.

చివరికి మీ పేపర్‌ను అడిగేది. సభ అయిపోయినంక ఫోటో వేస్తే మా పిల్లలకు ఏం ఫాయిదా లేదు. ప్రపోజల్స్ పంపే గడువు, చార్జీల సాయం కోసం అప్లై చేసే గడువు, వాలంటీర్లను తీసుకునే గడువు, ఇవన్నీ సభకు నెలల ముందే ముగుస్తయి, సభ గురించి మా దాక వార్త వచ్చేసరికి సాయం తలుపు మూసుకొని ఉంటది, ఇగ టికెట్ కొనగలిగేటోళ్ళే పోతరు. అందుకని ఆ తారీఖులు ప్రకటించిన వారంలనే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా పేజీలల్ల నాలుగు లైన్లు వేయండి, జాబ్ మేళా పక్కనే వేయండి, మా పిల్లలు చూసేది అక్కడనే. కావాల్సిన సమాచారం తెలుగుల రాసి పంపే పని నేను చేస్త, ప్రతి ఏడాది చేస్త. మీ జిల్లా రిపోర్టర్ గారికి ఇప్పటికే చెప్పి ఉంచిన.

ఇట్లు
ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ సైన్స్ లెక్చరర్
మహబూబ్‌నగర్